అసెన్షన్ దీవి సొంత ఫెర్న్‌లు: పరిశోధన ఎక్కడ మొదలవ్వాలి?

కొండదారి (చర్చ మొదలుపెట్టినవారు)

దక్షిణ అట్లాంటిక్ నడుమ 88 చదరపు కిలోమీటర్ల అగ్నిపర్వత దీవి అసెన్షన్. కింద అంతా లావా, బూడిద. 859 మీటర్ల గ్రీన్ మౌంటెన్ పైభాగం మాత్రం మబ్బు తడితో పచ్చగా ఉంటుంది. ప్రపంచంలో ఇంకెక్కడా లేని ఆరు ఫెర్న్ (పువ్వులూ విత్తనాలూ లేకుండా, స్పోర్లు అనే ధూళి లాంటి బీజాలతో పెరిగే మొక్క) జాతులు ఈ ఒక్క కొండ మీద పుట్టాయి. డ్రయాప్టెరిస్ అసెన్షనిస్ అంతరించింది. మిగిలినవి ఐదు: అనోగ్రామా అసెన్షనిస్, టెరిస్ అసెన్షనిస్, ఆస్ప్లీనియం అసెన్షనిస్, స్టెనోగ్రామిటిస్ అసెన్షనిస్, టిసానా పర్పురాసెన్స్ (పాత పుస్తకాల్లో దీన్ని మరాటియా అంటారు).

అనోగ్రామా సంగతి ఇక్కడ చాలామందికి తెలిసిందే. 1958 తర్వాత ఎవరి కంటా పడలేదు, 2003లో అంతరించిందని ప్రకటించారు. 2009లో స్టెడ్‌సన్ స్ట్రౌడ్, ఫిల్ లాంబ్డన్‌లకు దాదాపు నిట్టనిలువుగా ఉన్న ఒక వాలు మీద నాలుగంటే నాలుగు మొక్కలు దొరికాయి. స్పోర్లున్న చిన్న ముక్కను శుభ్రమైన డబ్బాలో పెట్టి, సైనిక విమానంలో 24 గంటల్లోపు లండన్‌లోని క్యూ ఉద్యానానికి చేర్చారు. 2010 నాటికి అక్కడ 60 మొక్కల దాకా తయారయ్యాయి.

గాజుసీసాలో మొక్క బతికింది కాబట్టి జాతి బతికిందని చాలా చోట్ల రాస్తున్నారు. నాకది ఒప్పుకోబుద్ధి కావడం లేదు. అందుకే అడుగుతున్నాను: ఈ ఐదు జాతుల విషయంలో ఏ సమాచారం లేకపోవడం వల్ల పని ఆగిపోతోంది? మనుషులూ పనిగంటలూ తక్కువ అనుకుని, మొదట చేయాల్సింది ఏదో చెప్పండి.

---

పొడిసంచి

నా లెక్కలో మొదటిది స్పోర్ల నిల్వ. కొండచరియ ఒకటి జారితే పోయే మొక్కలివి. ఇక్కడ జరిగే పెద్ద పొరపాటు ఐదింటికీ ఒకే పద్ధతి వాడటం.

స్టెనోగ్రామిటిస్ స్పోర్లు ఆకుపచ్చగా ఉంటాయి, అంటే లోపల పత్రహరితం ఉంది. ఇలాంటివి విడుదలైన క్షణం నుంచే శ్వాసిస్తూ తమ నిల్వను తామే తినేస్తాయి. ఫెర్న్‌లన్నిటి మీదా తీసిన సగటు చూస్తే పచ్చ స్పోర్లు 48 రోజుల దాకా మొలకెత్తుతాయి. పచ్చగా లేనివి మూడేళ్ళకు కాస్త అటూ ఇటూ నిలుస్తాయి. అందుచేత అనోగ్రామా, టెరిస్, ఆస్ప్లీనియం స్పోర్లకు పనికొచ్చే కాగితం పొట్లం స్టెనోగ్రామిటిస్ పాలిట సమాధి అవుతుంది.

పచ్చగా లేనివాటికి క్రమం ఇదీ. భూతద్దంతో చూసి, సిద్ధబీజాశయాలు (స్పోర్లుండే చిన్న సంచులు) నిండు గోధుమ రంగుకు తిరిగి ఇంకా పగలని ఆకునే కోయాలి. లేతగా తెల్లగా ఉంటే తొందరపడ్డట్టు. చిరిగి నారలా కనబడితే ఆలస్యమైనట్టు. నున్నటి కాగితంలో మడిచి 24 నుంచి 48 గంటలు గదిలో ఆరనివ్వాలి. ప్లాస్టిక్ సంచిలో వద్దు, ఆకు చెమర్చి బూజు పడుతుంది. తర్వాత కాగితాన్ని వాల్చి మెల్లగా తట్టితే పొట్టు ముందు జారుతుంది, స్పోర్లు కాగితాన్ని పట్టుకుని ఉంటాయి. పొట్టు తీసేయడం ముఖ్యం, బూజు వచ్చేది ఎక్కువగా దానితోనే. 15 శాతం సాపేక్ష ఆర్ద్రత దగ్గర ఆరబెట్టి గాలి చొరని సీసాలో మూయాలి.

ఇక చలి ఎంత? మామూలు విత్తనాల అలవాటుతో మైనస్ 20లో పెట్టేసి ఊరుకుంటారు. కొన్ని ఫెర్న్ స్పోర్లలోని కొవ్వు సరిగ్గా ఆ వేడిమి దరిదాపుల్లోనే గడ్డకట్టి లోపలి పొరలను దెబ్బతీస్తుంది. అవి 4 డిగ్రీల్లో బతికినన్నాళ్ళు కూడా మైనస్ 20లో బతకవు. సేకరణను మూడు భాగాలు చేసి 4 డిగ్రీల్లో ఒకటి, మైనస్ 20లో ఒకటి, ద్రవ నత్రజనిలో ఒకటి పెట్టి, ఏడాదికోసారి మొలక పరీక్ష చేయడమే ఈ జాతులకు కావలసిన తొలి పరిశోధన. పచ్చ స్పోర్లకు ద్రవ నత్రజని ఒక్కటే దారి, అదీ వారం లోపు.

---

తడిరాయి

పొడిసంచి గారు చెప్పిన పద్ధతితో పేచీ లేదు, వరసతో ఉంది. నిల్వ చేసిన స్పోరు తిరిగి వెళ్ళడానికి చోటు ఉండాలి కదా. 2009లో ఆ నాలుగు మొక్కల పక్కనే ఏముంది? బయటి నుంచి తెచ్చిన మెయిడెన్‌హెయిర్ ఫెర్న్, అడియాంటం రాడియానం. అనోగ్రామా కొత్తిమీర రెబ్బంత మొక్క, దానికి తేమగా, నీడగా, దాదాపు బోసిగా ఉన్న రాతి ముఖం కావాలి. మెయిడెన్‌హెయిర్‌కూ అదే చోటు కావాలి. అది వేళ్ళ దుంపతో పాకుతుంది, ఇది పాకలేదు.

పీకేస్తే పోతుంది కదా అంటారు. ఆ వాలు గట్టి రాయి కాదు, గుల్ల అగ్నిశిల, బూడిద. మెయిడెన్‌హెయిర్ వేళ్ళు దాన్ని వలలా పట్టుకుని ఉంటాయి. పీకితే చిప్పలా ఊడిపోతుంది, దాని మీదున్న అనోగ్రామా పిల్లలతో సహా. చేయాల్సింది కత్తిరింపు. సన్నని కత్తెరతో ఆకులను మొదలంటా తెంపాలి, కొత్త చిగురు విచ్చేలోపు మళ్ళీ తెంపాలి. దుంప ఆకలికి ఎండిపోతుంది, వేళ్ళు కుళ్ళేదాకా మట్టిని పట్టుకునే ఉంటాయి. ఎన్ని రోజులకోసారి తెంపితే చాలు, ఎన్ని విడతలకు దుంప చస్తుంది అనేది కొలవాల్సిన విషయం. రెండు వారాలు, నాలుగు వారాలు, ఎనిమిది వారాల గడువుతో మూడు రకాల మళ్ళు, ముట్టుకోకుండా వదిలినది ఒకటి పెట్టాలి. వదిలిన మడి లేకపోతే తెంపడం వల్ల మేలు జరిగిందో, ఆ ఏడు తడి బాగుండి జరిగిందో తేలదు.

మరో మాట. మొక్కలు దొరికిన తొలి రోజుల్లో సన్నగొట్టంతో నీళ్ళందించి కాపాడారు. అత్యవసరంలో అది సరైన పనే. ఎల్లకాలం చేస్తే ఆ నీళ్ళు ముందు తాగేది మెయిడెన్‌హెయిరే. కలుపు తీయని చోట నీరు పెట్టడమంటే కలుపును పెంచడమే.

---

తొలిచిగురు

ఒక సందేహం. లెక్కించినప్పుడల్లా ఇంత చిన్న ఫెర్న్‌ల సంఖ్య ఎందుకు మారిపోతుంది? ఒకసారి బోలెడు, మరోసారి ఖాళీ. లెక్కే తప్పా, మొక్కలే చస్తున్నాయా?

---

సూక్ష్మదర్శిని

తొలిచిగురు గారూ, సగం మొక్కనే లెక్కిస్తున్నారు కాబట్టి. ఫెర్న్‌కు రెండు జీవితాలు. మనం ఆకులతో చూసేది సిద్ధబీజదం. స్పోరు మొలిచి వచ్చే, కొన్ని మిల్లీమీటర్ల పలచని పచ్చ రేకు సంయోగబీజదం, అది తనంతట తానే బతుకుతుంది. అనోగ్రామా ప్రజాతిలో ఈ రేకే మొండిది. దగ్గరి బంధువైన అనోగ్రామా లెప్టోఫిల్లాలో ఆకు మొక్క ఒక్క కాలమే ఉంటుంది, సంయోగబీజదం చిన్న దుంపలతో ఎండాకాలాన్ని దాటి ఏళ్ళ తరబడి నిలుస్తుంది. కాబట్టి ఆకు మొక్కలు సున్నా అయినంత మాత్రాన అక్కడ జాతి సున్నా అయినట్టు కాదు. 2003లో అంతరించిందని రాసిన జాతి 2009లో దొరకడానికి అది ఎదిగేది మనిషి కాలు పెట్టలేని చోట కావడం ఒక కారణం. ఈ దాగుడు దశ కూడా తోడై ఉండవచ్చని నా అభిప్రాయం.

నన్నడిగితే మొదటి పరిశోధన ఇదే: కొండ మీద సంయోగబీజదాలు ఎక్కడెక్కడ ఉన్నాయి? కంటికి అన్ని ఫెర్న్‌ల రేకులూ, కొన్ని లివర్‌వర్ట్‌లూ (నాచు లాంటి చిన్న మొక్కలు) ఒకేలా ఉంటాయి. రేకు అంచు ముక్క 2 మిల్లీమీటర్లు చాలు, సిలికా జెల్‌లో ఎండబెట్టి డీఎన్ఏలో క్లోరోప్లాస్ట్ ఆర్‌బీసీఎల్ జన్యువు చదివితే జాతి తెలుస్తుంది. దానికి ముందు దీవిలోని ప్రతి ఫెర్న్‌దీ, సొంతవీ వలసవీ కలిపి, సరిగ్గా గుర్తించిన నమూనా నుంచి అదే జన్యువు చదివి పెట్టుకోవాలి. ఆ పోలిక పట్టిక లేకుండా రేకులు ఏరడం వృథా.

సాధనం చవకైనదే: పది రెట్ల భూతద్దం, పక్కనుంచి వాలుగా పడే దీపం, తడిపిన సన్న కుంచె. పట్టకారుతో పట్టుకుంటే రేకు నలుగుతుంది.

---

చెట్టునాచు

మీ ముగ్గురూ రాతి మీదే ఉన్నారు. స్టెనోగ్రామిటిస్‌ది వేరే చిక్కు, ఆలోచించే కొద్దీ నిద్ర పట్టనివ్వదు.

1843లో వృక్షశాస్త్రవేత్త జోసెఫ్ హూకర్ దీవికి వచ్చి, కొండ మీద చెట్లు పెంచితే మబ్బు తడి పట్టవచ్చని సూచించాడు. 1850ల నుంచి ఎక్కడెక్కడి మొక్కలో ఓడల్లో దిగాయి. ఇప్పుడు శిఖరం మీద వెదురు గుబురుంది. అంతకుముందు ఆ పైభాగమంతా ఫెర్న్‌ల పరుపే. అది పోయింది. కానీ ఆ వలస చెట్ల కొమ్మల మీద నాచు పెరిగింది, ఆ నాచులో స్టెనోగ్రామిటిస్ వేళ్ళూనుకుంది. కొన్ని సెంటీమీటర్ల ఆకులు, నాచు తడిగా ఉంటేనే బతుకు. దీని చోటు ఆక్రమించిన చెట్టే దీన్ని మోస్తోంది.

వలస చెట్లు తీసేసి కొండను పాత రూపుకు తేవాలనేవాళ్ళు ముందు ఈ లెక్క చెప్పాలి: ఏ చెట్టు మీద ఎన్ని మొక్కలు, ఏ ఎత్తులో, కొమ్మ పైముఖానా కింది ముఖానా, ఎంత మందం నాచులో? వెదురు కణుపు నున్నగా ఉంటుంది, గడ ఎండగానే పడిపోతుంది. గరుకు బెరడు చెట్టు అలా కాదు. రెండింటినీ ఒక గాటన కట్టకూడదు.

---

తడిరాయి

చెట్టునాచు గారూ, అలాగని ఉన్న చెట్టును అంటకుండా వదిలేస్తే వెదురు ఏటా కొంత ముందుకు పాకుతుంది. దాని నేల మీద ఎండుటాకు మందంగా పరచుకుని ఏ స్పోరూ మట్టిని తాకదు.

---

చెట్టునాచు

వదిలేయమనడం లేదు. అంచు నుంచి కొద్దికొద్దిగా తీద్దాం, ఒక్కసారిగా నరకొద్దు. పెద్ద ఖాళీ చేస్తే గాలి నేరుగా తగిలి, నరకని కొమ్మల మీది నాచు కూడా ఎండిపోతుంది. ముందు ఒక ఏడాది పాటు తేమ కొలవాలి. వేడిమి, ఆర్ద్రత నమోదు చేసే చిన్న పరికరాలను 15 నిమిషాలకోసారి రాసేలా పెట్టి, గుబురు లోపల, అంచున, బయలులో కనీసం మూడేసి బిగించాలి. ఎండ నేరుగా పడకుండా తెల్లని గొడుగు మూత ఉండాలి, లేకపోతే గాలి వేడిమి బదులు డబ్బా వేడిమి రాస్తుంది. మబ్బులో మునిగే చోట ఆర్ద్రత కొలిచే భాగం ఎప్పుడూ వంద శాతం దగ్గర తడిసి, కొన్నాళ్ళకు తప్పుడు అంకె చెప్పడం మొదలుపెడుతుంది. ఆరు నెలలకోసారి తెలిసిన ఉప్పు ద్రావణం మీద సరిచూడాలి. మామూలు ఉప్పు సంతృప్త ద్రావణం పైన మూసిన సీసాలో 75 శాతం చూపాలి. ఆకు తడి కొలిచే పలక పక్కన పెడితే ఇంకా మంచిది. స్టెనోగ్రామిటిస్‌కు గాలిలో తేమ ఎంత అన్నదానికంటే ఆకు వరసగా ఎన్ని గంటలు ఆరి ఉంది అన్నదే ప్రాణం మీదికొచ్చే సంగతి.

మబ్బు అడుగు పైకి జరిగితే ఈ జాతికి ఎక్కడానికి ఇక కొండ లేదు. 859 మీటర్లతో అయిపోయింది. ఈ కొలతలు ఇవాళ మొదలుపెట్టకపోతే పదేళ్ళ తర్వాత పోల్చడానికి ఏమీ ఉండదు.

---

దుంపచెవి

టిసానా గురించి ఎవరూ మాట్లాడలేదు. మరాటియా కుటుంబం ప్రాచీనమైనది, మిగతా ఫెర్న్‌ల లెక్కలు దీనికి పనికిరావు. దీని సిద్ధబీజాశయాలు ఒకదానికొకటి అతుక్కుని చిన్న పడవల్లా ఉంటాయి. ఒక్కో అరలో స్పోర్లు వేయికి పైనే, మామూలు ఫెర్న్ ఆశయంలో 64 మాత్రమే. అయినా మొలక పిల్లలు తక్కువ. సంయోగబీజదం ఎదగడానికి నెలలు, ఒక్కోసారి ఏళ్ళు పడుతుంది, లోపల శిలీంధ్రం తోడుంటుంది. శుభ్రంగా కడిగి అగార్ (మొక్కలు పెంచే జెల్లీ) మీద పెడితే ఆ తోడు పోతుంది. దీనికి అగార్‌తో పాటు కొండ మట్టి మీద కూడా చల్లి పోల్చి చూడాలి: ఒక పళ్ళెంలో ఆవిరిపట్టిన మట్టి, ఇంకోదాంట్లో ఆవిరిపట్టని మట్టి. ఫలితం రావడానికి ఏడాది పైనే ఆగాలి, ఆరు నెలలకే విఫలమని పారేయకూడదు.

ఆలోపు మరో దారి ఉంది. మరాటియా కుటుంబంలో ఆకు కాడ మొదట రెండు వైపులా కండగల చెవులుంటాయి. ఆకు రాలాక కూడా అవి దుంపకు అంటుకునే ఉంటాయి, వాటిలో నిద్రించే మొగ్గలుంటాయి. ముసలి ఆకు చెవిని పదునైన, కాల్చి చల్లార్చిన కత్తితో తీసి, కోత ఒకరోజు ఆరనిచ్చి, సగం లోతు దాకా తడి నాచులోనో గుల్ల ఇసుకలోనో పాతాలి. నెలల తర్వాత మొగ్గ వస్తుంది. పూర్తిగా కప్పితే కుళ్ళుతుంది. ఒక మొక్కకు ఒకటి రెండుకు మించి తీయొద్దు, లేత ఆకుల చెవులు అసలే వద్దు. ఇలా వచ్చేది అదే మొక్క నకలు కాబట్టి జన్యు వైవిధ్యం పెరగదు. ఏ తల్లిదో చీటీ మీద రాయకపోతే పదేళ్ళకు నర్సరీ అంతా ఒకే తల్లి సంతానమై కూర్చుంటుంది.

---

తొలిచిగురు

సీసాలో పెంచడం గురించి కొలతలతో చెప్పగలరా? స్పోర్లు మొలుస్తాయి గానీ ఆకు మొక్క రాదని చాలా చోట్ల చదివాను.

---

సూక్ష్మదర్శిని

మొదట శుద్ధి. స్పోర్లను శుభ్రమైన నీళ్ళలో ఒక రాత్రి నానబెట్టాలి. దీనివల్ల బూజు విత్తులు మేల్కొంటాయి, మేల్కొన్న బూజు మందుకు త్వరగా చస్తుంది. తర్వాత 0.5 నుంచి 1 శాతం సోడియం హైపోక్లోరైట్‌లో, తడవడానికి ఒక చుక్క ట్వీన్ 20 (సబ్బు లాంటి ద్రవం) కలిపి, 5 నుంచి 10 నిమిషాలు. అపకేంద్ర యంత్రంలో (సెంట్రిఫ్యూజ్) తిప్పి దించి, ఆవిరిపట్టిన నీళ్ళతో మూడుసార్లు కడగాలి. పచ్చ స్పోర్లు ఈ మందుకు తట్టుకోవు. వాటికి శుభ్రం చేసిన ఆకు ముక్కను పళ్ళెం మూతకు లోపలివైపు అంటించి, పగిలిన ఆశయాల నుంచి స్పోర్లు కిందున్న అగార్ మీద తామే రాలేలా చేయాలి. మర్నాడు మూత మార్చేయాలి.

మేత సగం బలం మురాషిగే-స్కూగ్ (మొక్కల పెంపకానికి వాడే లవణాల మిశ్రమం), చక్కెర లేకుండా, అగార్ 0.7 నుంచి 0.8 శాతం, పీహెచ్ 5.7. వేడిమి 22 డిగ్రీల దగ్గర, వెలుగు రోజుకు 16 గంటలు, మరీ ప్రకాశంగా వద్దు. చక్కెర వేస్తే రేకు త్వరగా పెరిగినట్టే ఉంటుంది, ఒక్క బూజు విత్తు మిగిలినా పళ్ళెమంతా పోతుంది.

మీరడిగిన చిక్కు రెండు చోట్ల ఉంటుంది. ఒకటి రద్దీ. ముందు ఎదిగిన రేకులు ఆంథరీడియోజెన్ అనే రసాయనం వదులుతాయి, చుట్టూ ఉన్న చిన్నవన్నీ మగవిగా మారతాయి. ఒత్తుగా చల్లిన పళ్ళెంలో మగవే మిగిలి ఆకు మొక్క రాదు. రేకు 2, 3 మిల్లీమీటర్లు కాగానే సెంటీమీటరుకొకటి చొప్పున విడదీసి నాటాలి. రెండోది నీళ్ళు. చలన పురుషబీజం ఈది వెళ్ళి అండాన్ని చేరాలి, తేమ ఒక్కటే చాలదు, నీటి పొర కావాలి. వారానికోసారి శుభ్రమైన నీళ్ళు రేకు మునిగేంత పోసి, కొన్ని గంటల తర్వాత వంచేయాలి.

ఈ రెండూ సరిగా చేసినా రాకపోతే అది జన్యు సంగతి. ఒకే రేకు తనలో తాను ఫలదీకరణం చెందితే పుట్టే మొక్కకు ప్రతి జన్యువూ రెండు ఒకేలాంటి ప్రతులే. దాగి ఉన్న లోపమేదైనా ఉంటే పిండంలోనే చస్తుంది. ఒక్కో గిన్నెలో ఒక్కో రేకు ఉన్నవి యాభై, వేర్వేరు తల్లుల రేకులు జతగా ఉన్నవి యాభై పెట్టి, ఏ గుంపులో ఎన్ని ఆకు మొక్కలు వచ్చాయో లెక్కిస్తే తెలిసిపోతుంది. నాలుగు మొక్కల నుంచి మళ్ళీ మొదలైన అనోగ్రామాకు ఈ లెక్క చాలా అవసరం. ఒంటరి రేకులు బాగానే మొక్కలిస్తుంటే చీలిపోయిన చిన్న గుంపుల గురించి భయం తగ్గుతుంది.

---

పొడిసంచి

రేకులనే ద్రవ నత్రజనిలో దాచవచ్చని కూడా కలపండి. స్పోర్లు చాలినన్ని లేని జాతికి ఇది వరం. రేకులను 3 శాతం సోడియం ఆల్జినేట్‌లో కలిపి, కాల్షియం క్లోరైడ్‌లో చుక్కలుగా వదిలితే పూసలు కడతాయి. 0.75 మోలార్ చక్కెర ద్రావణంలో 18 గంటలు ఉంచి, శుభ్రమైన గాలి ప్రవాహంలో 3, 4 గంటలు ఆరబెట్టి ముంచాలి. సరిగా ఆరని పూసలో మంచు పలుకు కట్టి కణాలు చిట్లుతాయి. ఒకే గొట్టంలో ఉన్న అన్ని పూసలనూ ఒకేసారి కరిగించొద్దు, ముందు మూడు నాలుగు తీసి చూడాలి.

---

కొండదారి

సీసా నుంచి కొండ మీదికి వెళ్ళే మెట్టు మిగిలింది. మొక్కలు ఎక్కువగా చచ్చేది అక్కడే.

---

తడిరాయి

అవును. సీసాలో పెరిగిన ఆకుకు మైనపు పూత ఉండదు, సూక్ష్మరంధ్రాలు సరిగా మూసుకోవు. ఒకేసారి మూత తీస్తే గంటల్లో వాడిపోతుంది. వేరుకున్న అగార్ అంతా గోరువెచ్చని నీళ్ళతో కడగాలి, మిగిలిన అగార్ మీద బూజు వస్తుంది. జల్లెడ పట్టిన అగ్నిశిల గుల్లలో నాటి, మూత ఉన్న పెట్టెలో మొదటి వారం పూర్తిగా మూసి, తర్వాత మూడు నాలుగు వారాల్లో సందు కొద్దికొద్దిగా పెంచాలి. పెట్టె మీద నేరుగా ఎండ పడితే లోపల 30 డిగ్రీలు దాటి ఉడికిపోతాయి. పీట్ ఎక్కువైతే ఫంగస్ దోమల పురుగులు లేత వేళ్ళను తింటాయి.

కొండ మీద నాటేటప్పుడు వేరే దేశంలో కలిపిన మట్టి ఒక్క గరిటె కూడా దీవికి రానివ్వొద్దు. దాన్లో కలుపు ఫెర్న్ స్పోర్లు, నత్తగుడ్లు, నులిపురుగులు ఉండొచ్చు. దీవి రాళ్ళ పొడినే ఆవిరిపట్టి వాడాలి. తాడు కట్టుకుని దిగే ప్రతిసారీ బూట్ల అడుగు, తాడు, చేతితొడుగులు బ్రష్‌తో రుద్ది కడగాలి. మెయిడెన్‌హెయిర్ ఉన్న వాలు మీద పని చేసి నేరుగా అనోగ్రామా దగ్గరికి వెళితే దాని స్పోర్లను మనమే మోసుకెళ్ళినట్టు. రోజులో మొదట శుభ్రమైన చోటు, చివర కలుపు చోటు.

ఇంకొకటి, గొర్రెలు, కుందేళ్ళు. నాటిన మడిలో సగానికి కంచె వేయాలి. నమిలిన కాడ తెగిన తీరు చూసి ఏ జంతువో రాసుకోవాలి. దీవిని అడవిపట్టిన పిల్లులు లేని చోటుగా 2006లో ప్రకటించారు. సముద్రపక్షులకు గొప్ప మేలు అది, దాని తర్వాత కుందేళ్ళ, ఎలుకల మీద లెక్క ఆపకూడదు.

---

ఎండుపత్రం

పోయిందన్న డ్రయాప్టెరిస్‌కు కూడా ఒక పళ్ళెం కేటాయించమని నా విన్నపం. ఫెర్న్ స్పోర్లు మట్టిలో వెలుగు తగలనంత లోతున ఏళ్ళ తరబడి నిద్రలో ఉండగలవు. పాత హెర్బేరియం (ఎండబెట్టిన మొక్కలు దాచే చోటు) కాగితాల మీద రాసిన ఎత్తు, దిక్కు చూసి, కదలని నేలలో 5 సెంటీమీటర్లకొక పొరగా 30 సెంటీమీటర్ల దాకా గొట్టంతో మట్టి తీయాలి. గొట్టం తగిలిన బయటి పొర గీకేయాలి, పై మట్టి స్పోర్లు కిందికి జారి ఉంటాయి. ప్రతి పొరనూ మూత పళ్ళెంలో పరిచి వెలుగులో పెట్టాలి. పక్కనే ఆవిరిపట్టిన మట్టితో ఒక ఖాళీ పళ్ళెం ఉండాలి. దాన్లోనూ ఏదైనా మొలిస్తే అది గాలిలోంచి వచ్చినట్టు, మిగతావాటిని నమ్మలేం.

వచ్చేవి చాలావరకు మెయిడెన్‌హెయిరే అవుతాయి. అదీ పనికొచ్చే సమాచారమే, కలుపు ఎంత లోతు దాకా నిల్వ ఉందో తడిరాయి గారి మళ్ళకు తెలుస్తుంది.

---

కొండదారి

ఇంత వివరంగా రాసిన అందరికీ కృతజ్ఞతలు. నా మొదటి ప్రశ్నకు ఒకే జవాబు లేదని అర్థమైంది, వరస ఇలా పెట్టుకుంటున్నాను. ఆగనిది స్టెనోగ్రామిటిస్ స్పోరు, కాబట్టి అది ముందు. తాడు మీద దిగిన రోజే కత్తెర మళ్ళు గుర్తించడం, రేకుల నమూనాలు తీయడం, తేమ పరికరం బిగించడం. ఒక్క దిగుడులో మూడు పనులైతే వాలు మీద తొక్కుడు తగ్గుతుంది. మట్టి గొట్టాలు వేరే రోజు.

మడి గుర్తుకు రాతిలో మేకు కొట్టొచ్చా?

---

తడిరాయి

మొక్క దగ్గర కొట్టొద్దు, ఆ గుల్ల రాయి పగిలి నీళ్ళు లోపలికి దిగుతాయి. రెండు మీటర్ల అవతల గట్టి రాతి మీద రెండు మేకులు చాలు. ఒక్కోదాని నుంచి మడి మూలలకు టేపుతో దూరం కొలిచి రాసుకుంటే, ఎవరు దిగినా అదే చోటు దొరుకుతుంది. ఫొటో ప్రతిసారీ అదే లెన్స్‌తో, పక్కన సెంటీమీటర్ల పట్టీ పెట్టి, మబ్బు పట్టినప్పుడే తీయండి. ఎండలో తీస్తే నీడల్లో రేకులు కనబడవు.